చేతికి లేని రూలు

మీరే తెచ్చారు ఆయన్ని వెనక్కి. సర్క్యులర్ మీద సంతకాలు పెట్టిన పెద్దలూ, దాన్ని చదివి చప్పట్లు కొట్టిన యూనియన్ నాయకులూ, "హమ్మయ్య, పీడ విరగడైంది" అని ఊపిరి పీల్చుకున్న ఆఫీసర్లూ, మిమ్మల్నే అంటున్నది. టీకా వేయించుకోని ఉద్యోగి ప్రభుత్వ భవనంలో అడుగు పెట్టకూడదని రూలు పెట్టినప్పుడు మీరు ఎవర్నీ అడగలేదు. ఎత్తేసినప్పుడూ అడగలేదు. గేటు దగ్గర ఆ రూలు ఎవర్ని ఆపిందో, ఆపినందువల్ల లోపల ఎవరు ఊపిరి తీసుకున్నారో మాకేం తెలుసంటారు. తెలుసు. పూన్ మాన్‌యీ మీకు నోరు తెరిచి చెప్పింది. విననట్టు కూర్చున్నది మీరు.

సర్క్యులర్ వచ్చిన ఉదయం మాన్‌యీ గ్రంథాలయం కౌంటర్ వెనక కూర్చుని, వాపసొచ్చిన పుస్తకాల అట్టల్ని క్రిములు చంపే మందులో తడిపిన గుడ్డతో తుడుస్తోంది. హాంకాంగ్‌లో కరోనా కాలు పెట్టినప్పటి నుంచీ అదే పని. ఆడవాళ్లే తుడవాలని ఏ ఆర్డర్లోనూ లేదు. మగవాళ్లు వెళ్లి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు, గుడ్డ ఆడవాళ్ల చేతుల్లో మిగిలింది. ఆ మందుకి ఆమె వేళ్ల చివర్లు పొరలు పొరలుగా లేచిపోయాయి. ఆ మునిసిపల్ బిల్డింగులో కింద చేపల మార్కెట్టు, దానిపైన తిండి కొట్లు, ఆపైన గ్రంథాలయం. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా చేపల నీళ్ల వాసన, వెనకే వేపుడు నూనె వాసన పుస్తకాల్లోకి నడిచొస్తాయి.

ఫాంగ్ అక్క ఫోను ఊపుకుంటూ వచ్చింది. ఆఫీసులో అందరికన్నా పాత మనిషి ఆమె.

"చూశావటే? టీకా గొడవ ఎత్తేశారు! ఇక గేటు దగ్గర ఫోన్లో ఆ టీకా కోడ్ చూపించడాలూ అవీ ఏం లేవు. ఎవడు వేయించుకుంటే వాడికే, లేకపోతే లేదు. కొత్త సంవత్సరం సెలవులయ్యాక పని మొదలెట్టే రోజుకి మోక్ సారు వచ్చేస్తాడట."

మాన్‌యీ చేతిలో గుడ్డ ఆగింది.

"ఇంకోటి, యిప్ మేడమ్ చెప్పమంది. ఆయన రాక, పని ముహూర్తం, రెండూ కలిసొచ్చాయి కదా, కాల్చిన పంది తెప్పించి శుభానికి కోద్దామంటోంది. కింద మార్కెట్టులో నీకు తెలిసిన కొట్టుంది కదా? తోలు కరకరలాడాలి, చెప్పి మరీ చేయించు. మొన్న పోస్టాఫీసు వాళ్లు తెచ్చింది చెప్పు తోలులా ఉందట!" అని ఫాంగ్ అక్క తన జోకుకి తనే నవ్వుకుంది.

మాన్‌యీ తల ఊపింది. ముక్కుకీ నోటికీ మాస్కు ఉండబట్టి ఆమె పెదవులు ఎలా వణికాయో ఫాంగ్ అక్కకి కనబడలేదు. మాస్కు వల్ల ఆడదానికి జరిగిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

మోక్ సారు సంగతి చెప్పాలంటే ముందు స్టోరు గది సంగతి చెప్పాలి. గ్రంథాలయం వెనక కిటికీ లేని గదిలో పాత పుస్తకాలు, పాత పత్రికలు ఉంటాయి. స్థలం తక్కువ కాబట్టి అలమరాలన్నీ పట్టాల మీద నడుస్తాయి. ఒకదానికొకటి అతుక్కుని గోడలా ఉంటాయి. ప్రతి అలమరా పక్కనా ఒక చక్రం. దాన్ని తిప్పితే అలమరా జరిగి, మనిషి పట్టేంత సందు తెరుచుకుంటుంది. మళ్లీ తిప్పితే మూసుకుంటుంది. లోపల మనిషి ఉంటే చక్రం ముట్టుకోకూడదు. చేరిన మొదటి రోజే అందరికీ నేర్పే సంగతి అది. మోక్ సారే నేర్పాడు. ఆ సెక్షన్‌కి ఆయనే పెద్ద.

మాన్‌యీ సందులో నిచ్చెన మీద ఉన్నప్పుడు అలమరా కదిలేది. కొంచెమే. భుజాలు తగిలేంత. కిందికి దిగేసరికి ఇంకొంచెం. "అయ్యో, లోపల ఉన్నావా? చూళ్లేదు చూళ్లేదు!" అని నవ్వుతూ ఆయన ఆ మిగిలిన సందులోకే వచ్చేవాడు, సాయం చేస్తానని. కణతలకి రాసుకునే ఘాటైన మందు నూనె వాసన ముందొచ్చేది, మనిషి తర్వాత. సాయం చేసే చెయ్యి పుస్తకం మీద ఉండేది కాదు. అరవాలంటే మాటొచ్చేది కాదు. తోసేయాలంటే మోచెయ్యి లేవడానికి చోటు లేదు. ఆమె పుస్తకాల వీపుల మీద పేర్లు చదువుతూ నిలబడేది, వరసగా, ఒకటి తర్వాత ఒకటి, ఆయన వెళ్లేదాకా. ఇప్పటికీ బస్సులో ఏ ముసలాయన ఆ నూనె సీసా మూత తీసినా చాలు, మాన్‌యీ చెయ్యి దానంతటదే కడ్డీని పట్టుకుంటుంది.

చెప్పలేదా అంటారు. చెప్పింది. కరోనాకి ముందు ఏడాది, మూడు రాత్రులు నిద్ర మాని, మాటలు కూడగట్టుకుని బ్రాంచి పెద్ద యిప్ మేడమ్ గదిలోకి వెళ్లింది. ఆడ ఆఫీసరు, అర్థం చేసుకుంటుందని ఆశ. యిప్ మేడమ్ అంతా విని, టీ కప్పు మీద మూత పెట్టి, "సాక్షి ఎవరు?" అంది. మూసిన స్టోర్లో సాక్షి ఎవరుంటారు? అలమరాలు. "చూడమ్మా, చోటు ఇరుకు. ఇరుకులో మనిషికి మనిషి తగలడం సహజం. ఆయనకి ఇద్దరు కూతుళ్లు. నీ మాట రాసుకుంటే ఆయనదీ రాసుకోవాలి, నీ ప్రమోషన్ ఫైలు అక్కడే ఆగుతుంది. ఆలోచించుకో" అంది. ఆలోచించుకోమనడం అంటే నోరు మూసుకోమనడమే. పెద్ద ఉద్యోగుల భాషలో దానికి అంత మర్యాద.

ఇంట్లోనూ చెప్పింది. సర్కారు ఇచ్చిన ఒంటిగది క్వార్టరులో, తెరకి అవతల అత్తగారు టీవీ చూస్తుంటే, ఇవతల గుసగుసగా చెప్పింది. మొగుడు కీంగ్ లిఫ్టు మెకానిక్కు. గోళ్లల్లో గ్రీజు గీక్కుంటూ విన్నాడు. "నిన్నేనా? మిగతా ఆడవాళ్లని ఏం చెయ్యలేదా? నువ్వు ఏమైనా నవ్వుతూ మాట్లాడావేమో చూసుకో" అన్నాడు. కాసేపాగి, "సర్కారు నౌకరీ అంటే ఎన్నటికీ పగలని ఇనప కంచం. దాన్ని కాలితో తంతావా? ఒంటరిగా స్టోర్లోకి పోకు, అయిపోయె" అన్నాడు. ఆమె డ్యూటీయే స్టోర్లో అని అతనికి తెలుసు. తెలిసీ అన్నాడు. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు.

అప్పుడొచ్చింది ఆ రూలు.

నిజం చెప్పాలి. మాన్‌యీకి కూడా ఆ రూలంటే మంట. సూదంటే భయం. రెండో డోసు రోజు ఒళ్లు కాలిపోతుంటే స్టవ్ ముందు నిలబడి అత్తగారికి జావ కాచింది. "మా అబ్బాయి కూడా వేయించుకున్నాడు, వాడికేం కాలేదు. ఈ కాలం ఆడపిల్లలకి ఒంట్లో సత్తువ లేదు, మంచం మాత్రం కావాలి" అంది అత్తగారు. ఆవిడ మాత్రం వేయించుకోలేదు, ఎనభై ఏళ్ల మనిషిని ఎవరేమంటారు. మూడో డోసుకీ అంతే. జ్వరంతోనే పొద్దున్నే మార్కెట్టుకెళ్లి కూరలు తెచ్చింది. ఆడదాని ఒంటికి సెలవిచ్చే ఆర్డర్ ఏ ప్రభుత్వమూ ఇంకా రాయలేదు.

కానీ రూలు అమల్లోకొచ్చిన రోజు మోక్ సారు కుర్చీ ఖాళీ. సూది వేయించుకోనన్నాడు. తనకి బీపీ అన్నాడు, మందు మీద నమ్మకం లేదన్నాడు, తనని ఎవరూ బలవంతపెట్టలేరన్నాడు. గేటు దగ్గర కోడ్ చూసే కుర్రది "సారీ సార్" అని చెయ్యి అడ్డం పెట్టిందట. అంతే, వెనక్కి తిరిగిపోయాడు. జమ ఉన్న సెలవులు అయ్యాయి, తర్వాత జీతం లేని సెలవు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఏదో ఒక నీతివాక్యం పెట్టేవాడు. అందరూ దండాలు పెట్టే బొమ్మలు పంపేవాళ్లు. మాన్‌యీ కూడా పంపేది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం స్టోర్లో నిచ్చెన మీద నిలబడి, తను చిన్నగా ఏదో పాట పాడుకుంటున్నట్టు ఆమెకి వినబడింది. తన గొంతే. భయపడి ఆగింది. ఎవరూ లేరు. అలమరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తను నాలుగేళ్లుగా ఆ గదిలో ఊపిరి బిగబట్టి పనిచేసిందని ఆ పూట తెలిసింది. ఒక మనిషి చెడ్డవాడని ఆమె చెబితే గేటు కదల్లేదు. అదే మనిషి చేతికి సూది పొడిపించుకోలేదని తెలిస్తే క్షణంలో మూసుకుంది. రోగాన్ని ఆపడానికి పెట్టిన కంచెలో ఇంకో రోగం కూడా చిక్కుకుంది, పొరపాటున. ఆ పొరపాటు మీద ఆమె ఏడాది బతికింది.

ఇప్పుడు ఆ పొరపాటుని సరిదిద్దారు.

చైనీయుల కొత్త సంవత్సరం ముందు రోజులు పనితో నిండిపోయాయి. ఇల్లు దులపడం, తెరలు ఉతకడం, ముల్లంగి తురిమి బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద పెట్టడం. ముల్లంగి తురుముతూ తురుముతూ ఆమె ఆ నూనె వాసన పీల్చింది. ఉలిక్కిపడి చూస్తే అత్తగారు మోకాళ్లకి రాసుకుంటోంది. వేలు తురుముకోరుకి తగిలి తెగింది. "పండగ పిండిలో రక్తం! చూసుకోవద్దూ అమ్మాయ్?" అని అత్తగారు కేకలేసింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, ఆ పిండంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టింది. చేతులు పిండి కలుపుతున్నాయి. మనసు మాత్రం స్టోర్లో, రెండు అలమరాల మధ్య నిలబడి ఉంది. చక్రం తిరిగే కిర్రు చప్పుడు వింటోంది. నిద్రలో వింటోంది. కీంగ్ పక్కమీద ఇటు తిరిగితే చాలు, మంచం కిర్రుమంటే చాలు, గోడకి అతుక్కుపోతోంది. "నీకేమైందే, నేనేమైనా పులినా?" అని విసుక్కున్నాడతను. ఒక పూట ధైర్యం చేసి, "ఆయన మళ్లీ వస్తున్నాడు" అంది. కీంగ్‌కి ఎవరో గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది. "ఓ, ఆయనా? పాపం, ఏడాది జీతం లేదుటగా! మా లిఫ్టు కంపెనీలో కూడా ఒకడికి ఇట్లాగే అయ్యింది" అన్నాడు.

పాపం. ఆ మాట తన కోసం ఎప్పుడూ రాలేదు ఆ నోటి నుంచి.

సెలవులకి ముందు చివరి రోజు ఆమె మళ్లీ యిప్ మేడమ్ గదిలోకి వెళ్లింది. పాత సంగతి ఎత్తలేదు. కౌంటర్ డ్యూటీ ఇవ్వమంది, స్టోరు వద్దంది. దుమ్ముకి దగ్గొస్తోందని అబద్ధమాడింది. యిప్ మేడమ్ ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో అంతా తెలుసు. "సరేలే. దానికేముంది? నువ్వు కౌంటర్లో ఉండు. ఆ వింగ్‌సమ్‌ని స్టోర్లో వేస్తాను. కొత్తమ్మాయి, నేర్చుకుంటుంది, మోక్ సారు దగ్గరుండి నేర్పుతాడు" అంది.

మాన్‌యీ "థాంక్యూ మేడమ్" అంది. అనేసింది. తలుపు మూసి బయటికొచ్చాక కాళ్లలోంచి బరువు దిగిపోయినట్టు అనిపించింది. ఆ తేలికదనం లిఫ్టు దాకా ఉంది. లిఫ్టులో వింగ్‌సమ్ ఉంది. మోక్ సారు లేని కాలంలో చేరిన పిల్ల, కాంట్రాక్టు మీద. ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చేతిలో నారింజ పళ్ల సంచీ, ఇంటికి పట్టుకెళ్తోంది. "అక్కా, విన్నావా? ఇప్పుడే మెసేజ్ వచ్చింది, నాకు స్టోరు డ్యూటీ వేస్తారట! కౌంటర్లో అరుపులు భరించలేక చచ్చిపోతున్నా. అక్కడ హాయిగా ఉంటుంది కదా అక్కా? నిశ్శబ్దంగా?" అంది.

చేపల నీళ్ల వాసన ముంచుకొచ్చింది. మాన్‌యీ ఆ పిల్ల నారింజ సంచీ పిడి సర్ది లిఫ్టు దిగిపోయింది. పండగ మూడు రోజులూ ఆమె వచ్చిన చుట్టాలకి టీ పోసింది, గిన్నెలు తోమింది, నవ్వింది. భయం పోలేదు. భయం చోటు మారింది, అంతే. ఇప్పుడు ఆ రెండు అలమరాల మధ్య నిలబడి పుస్తకాల పేర్లు చదువుతున్న మొహం తనది కాదు.

పని మొదలెట్టే రోజు పొద్దున్నే పంది వచ్చింది. చెక్క పళ్లెం మీద బోర్లా పడుకుని, తోలు ఎర్రగా మెరుస్తూ, కళ్ల గుంటల్లో మిణుకుమిణుకుమనే ఎర్ర బల్బులతో. సర్కారు ఆఫీసులో పూజలు కూడదంటారు, అందుకని వెనక స్టాఫు గదిలో తలుపు దగ్గరేసి చేస్తారు. అగరొత్తులు వెలిగించింది ఆడవాళ్లు, బల్లలు తుడిచింది ఆడవాళ్లు, కప్పులు కడిగింది ఆడవాళ్లు. మగవాళ్లు చేతులు కట్టుకుని, "తోలు బాగుందే!" అన్నారు.

మోక్ సారు వచ్చాడు. కొంచెం చిక్కాడు. కొత్త కోటు. నూనె వాసన మాస్కులోంచి కూడా తాకింది. అందరూ "కుంగ్ హే ఫాట్ చోయ్ సార్!" అని కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెబుతూ చుట్టూ మూగారు. ఆయన పెళ్లికాని వాళ్లందరికీ డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు పంచాడు. వింగ్‌సమ్ దగ్గర ఆగాడు. "ఈ అమ్మాయెవరు? నా స్టోర్లోనా? మంచిదే, మంచిదే. సన్నగా ఉన్నావు, ఆ సందుల్లో సరిగ్గా పడతావు!" అన్నాడు. అందరూ నవ్వారు. వింగ్‌సమ్ కూడా నవ్వింది. ఏం జోకో తెలియకుండానే.

యిప్ మేడమ్ రెండు మాటలు చెప్పమంది. మోక్ సారు గొంతు సవరించుకున్నాడు.

"ఏడాదిపాటు నన్ను గేటు బయట నిలబెట్టారు. లొంగానా? లొంగలేదు. ఎందుకు? ఈ ఒళ్లు నాది. నా ఇష్టం లేకుండా నా ఒంటిని ఒక్కడూ ముట్టుకోవడానికి వీల్లేదు. అది సర్కారైనా సరే, డాక్టరైనా సరే! చివరికి ఏమైంది? వాళ్లే దిగొచ్చారు."

చప్పట్లు. "సారు హీరో!" అని ఎవరో అరిచారు.

పిడికి ఎర్ర రిబ్బను కట్టిన కత్తి వచ్చింది. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఆగకుండా ఒక్క గీతలో కోయాలి. మధ్యలో ఆగిందా, ఏడాదంతా పనులకి ఆటంకమే. అందుకని పిడి మీద ఒకరి చెయ్యి మీద ఒకరు వేసి అందరి బలంతో లాగుతారు. "మన పంది తెచ్చిన మనిషేదీ? రా రా మాన్‌యీ, సిగ్గెందుకు, నువ్వే ముందు పట్టుకో" అని మోక్ సారు ఆమె చెయ్యి లాగి పిడి మీద పెట్టి, దానిమీద తన చెయ్యి వేశాడు. ఆపైన యిప్ మేడమ్ చెయ్యి. కత్తి దిగింది. తోలు పటపటమంది. అందరూ అరుస్తున్నారు. ఆ అరుపుల కింద, ఎవరికీ కనబడని చోట, ఆయన బొటనవేలు ఆమె మణికట్టు లోపలి వైపు నెమ్మదిగా పాకింది. స్టోర్లో పాకినట్టే. ఏడాది మధ్యలో లేనట్టే.

పుస్తకాల పేర్లు గుర్తు తెచ్చుకుందామనుకుంది. ఒక్కటీ రాలేదు. వింగ్‌సమ్ మొహం కనబడింది. ఎదురుగానే ఉంది, ఫోనుతో వీడియో తీస్తూ.

మాన్‌యీ చెయ్యి బిగించింది. కత్తి పంది నడుము దగ్గర ఆగిపోయింది.

"ఆపకు! ఆపకు!" ఫాంగ్ అక్క కెవ్వుమంది. "లాగవే, అపశకునం!"

ఆమె రెండు చేతుల కింది నుంచి తన చెయ్యి ఊడలాక్కుంది. మిగతా చేతులు జారిపోయాయి. కత్తి పంది వీపులో నిలబడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు, ఆగిన కత్తిని పట్టుకున్నవాడికే ఆ పీడ చుట్టుకుంటుందని. ఆమె మాస్కు తీసేసింది.

"సార్, ఇందాకటి మాట ఇంకోసారి చెప్పండి."

"ఏ మాట?"

"మీ ఒళ్లు సంగతి. మీ ఇష్టం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదన్నారు."

"అవును, అయితే?" ఆయన నవ్వాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా తోడు నవ్వుతారేమోనని.

"మరి నా ఒళ్లు ఎవరిది సార్?"

కింద తిండి కొట్లో పెనం మీద గరిటె కొట్టిన చప్పుడు వినబడింది. యిప్ మేడమ్ గొంతు తగ్గించి, "మాన్‌యీ, పండగ పూట. పద, నా గదిలో మాట్లాడుకుందాం" అంది.

"మీ గదిలో మాట్లాడాం మేడమ్. సాక్షి ఎవరన్నారు. ఇప్పుడిక్కడ ఇంతమంది ఉన్నారు. ఈయన వేలు ఇప్పుడే, ఈ కత్తి పిడి మీద, ఇక్కడ పాకింది." ఆమె మణికట్టు పైకెత్తి చూపించింది. "స్టోర్లో నేను లోపలుండగా చక్రం తిప్పి సందు మూసేవాడు. నాలుగేళ్లు."

"పిచ్చి పట్టిందా నీకు? ఇరుకు గది, తగులుతుంది! నేను..." అన్నాడు మోక్ సారు.

"వదిలెయ్యవే తల్లీ, పంది చల్లారిపోతోంది" అని ఫాంగ్ అక్క గొణిగింది. ఆమె కళ్లు నేలమీద ఉన్నాయి. వింగ్‌సమ్ ఫోను దించింది. మెల్లిగా నడిచి మోక్ సారుని దాటి బల్ల ఇవతలికి, మాన్‌యీ పక్కకి వచ్చేసింది.

ఇంటికెళ్తే కీంగ్ ఏమంటాడో మాన్‌యీకి తెలుసు. అత్తగారు ఏమంటుందో తెలుసు. ప్రమోషన్ ఫైలు ఏమవుతుందో తెలుసు. తెలిసే మాట్లాడింది.

"మేడమ్, చేతికి సూది లేదని ఇదే మనిషిని ఏడాది గేటు బయట ఆపారు. ఆపడం మీకు చేతనవును, అందరం చూశాం. సాక్షి కావాలనలేదు, ఇద్దరు కూతుళ్లున్నారనలేదు. అట్లాగే ఇప్పుడూ ఆపండి. నా ఫిర్యాదు ఇప్పుడే, వీళ్లందరి ముందూ రాసుకోండి. అది తేలేదాకా ఈయన ఈ అంతస్తు మెట్లు ఎక్కకూడదు. ఆ స్టోర్లోకి నేను పోను, వింగ్‌సమ్ పోదు, ఏ ఆడమనిషీ పోదు. ముందు ఈయన్ని కిందికి పంపండి. పంపండి మేడమ్, ఇప్పుడే."